గణనతో జీవశాస్త్రం: పరిశోధక విద్యార్థుల కృషి, విజయాలు

జీవశాస్త్ర పరిశోధనాలయం అనగానే సూక్ష్మదర్శినులు, గాజునాళికలు, రసాయన ద్రావణాల సీసాలు మన కళ్లకు కడతాయి. అయితే గత అయిదారు దశాబ్దాలుగా ఇవేవీ కనిపించని గదుల్లో కూడ జీవశాస్త్ర పరిశోధన సాగుతున్నది. అక్కడ ఉండేవి కొన్ని కంప్యూటర్లు, గోడకు ఒక నల్లబల్ల, వాటి ముందు కూర్చున్న కొందరు పరిశోధక విద్యార్థులు. వారు పరిశీలించేది సజీవమైన కణాన్ని కాదు. కణాన్ని గురించి ప్రపంచంలోని ప్రయోగశాలలు సేకరించిన అంకెలను, అక్షరాలను వారు పరిశీలిస్తారు. వాటి మధ్య దాగిన సంబంధాలను గణితం సాయంతో వెలికి తీస్తారు.

ఈ శాఖను గణనాత్మక జీవశాస్త్రమని పిలుస్తున్నారు. జీవసమాచారాన్ని భద్రపరచి, వర్గీకరించి, కావలసినప్పుడు వెదకి తీసే పద్ధతులకు ప్రాధాన్యమిచ్చే భాగానికి బయో ఇన్ఫర్మాటిక్స్ అని పేరు. ఈ రెంటికీ మధ్య గీత గీయడం కష్టం. నేడు మన దేశంలో పలు విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ఈ విషయంలో ఎం.ఎస్సీ., పిహెచ్.డి. స్థాయి విద్యను అందిస్తున్నాయి.

కంప్యూటర్లు వచ్చిన తర్వాతనే ఈ విద్య పుట్టిందనీ, అది పూర్తిగా విదేశాలనుంచి వచ్చిందనీ చాలామంది భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. ఈ శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి మన దేశంలోనే పడింది. మన విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి కంప్యూటర్లు ఇంకా చేరని రోజుల్లో, ఒక ఆచార్యుడూ ఆయన శిష్యులూ చేసిన గణనలనుంచి అది వెలువడింది. ఆ చరిత్రను తెలుసుకుంటే, ఈ విద్యలో ప్రధానమైనది యంత్రమా లేక క్రమశిక్షణా అన్న ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

మదరాసులో మొదలైన సంప్రదాయం

1952లో జి.ఎన్. రామచంద్రన్ మదరాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫయి సంవత్సరాలు. ఆయన ఎర్ణాకుళంలో జన్మించారు; బెంగుళూరులో సర్ సి.వి. రామన్ వద్ద శిష్యరికం చేశారు. కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందారు. స్ఫటికాల గుండా ఎక్స్-కిరణాలను పంపి, అవి చెదిరిన తీరునుబట్టి లోపలి పరమాణువుల అమరికను లెక్కగట్టడం ఆయన ప్రత్యేక విద్య. సుప్రసిద్ధ బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాల్ మదరాసుకు వచ్చినప్పుడు, కొల్లాజెన్ అనే మాంసకృత్తు నిర్మాణం ఇంకా తేలలేదని మాటల్లో ప్రస్తావించారు. రామచంద్రన్ దానిని పరిశోధనాంశంగా తీసుకున్నారు.

కొల్లాజెన్ మన చర్మంలోను, ఎముకలలోను, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులలోను ఉండే పదార్థం. తోళ్ల పరిశ్రమకు కూడ అది ముఖ్యమైనది. విశ్వవిద్యాలయ శాఖకు పొరుగునే కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ఉండడం కలిసివచ్చింది. అక్కడినుంచి కంగారూ తోక స్నాయువునుంచి తీసిన కొల్లాజెన్ లభించింది. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా దానిని ఎక్స్-కిరణాలతో పరిశీలించారు. కొల్లాజెన్ అణువు మూడు పేటల అమరికతో ఉంటుందని 1954లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మరుసటి సంవత్సరం ఆ నమూనాను సవరించి, ఆ మూడు పేటలూ త్రాడులాగా ఒకదానినొకటి పెనవేసుకుని ఉంటాయని చూపారు.

విమర్శనుంచి వెలువడిన పటం

ఆ నమూనాపై విమర్శ వచ్చింది. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్, ఆయనతోపాటు అలెగ్జాండర్ రిచ్ ఒక ఆక్షేపణ లేవదీశారు. రామచంద్రన్ నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చాయని, అంత దగ్గరగా ఉండడం సాధ్యం కాదని వారి వాదం.

ఈ ఆక్షేపణకు మదరాసు శాఖ సమాధానం ఇచ్చిన తీరు గమనార్హమైనది. రెండు పరమాణువులు నిజంగా ఎంత దగ్గరకు రాగలవు? ఈ ప్రశ్నకు ఎవరి ఊహ ప్రమాణం? అంతవరకు ప్రపంచంలో నిర్మాణం తేలిన స్ఫటికాల వివరాలను వారు వెదికి, వాటిలో పరమాణువుల మధ్య దూరాలను సేకరించి పట్టికలు వేశారు. ఇతరులు ప్రచురించిన కొలతలను ఒకచోట చేర్చి కొత్త సూత్రాన్ని రాబట్టడమనే ఈ పద్ధతియే తరువాతి కాలంలో బయో ఇన్ఫర్మాటిక్స్ కు ప్రాణమయింది.

ఆపైన వారు ప్రశ్నను విస్తృతం చేశారు. ఒక్క కొల్లాజెన్ మాత్రమే కాక, ఏ మాంసకృత్తు గొలుసైనా ఏయే విధాలుగా వంగగలదు? దీనిని ఒక ఉపమానంతో గ్రహించవచ్చు. కొన్ని పోస్టుకార్డులను మూలకు మూల కలిపి గొలుసుగా కట్టామనుకుందాం. కార్డు మడత పడదు. కాని ముడి ఉన్నచోట దానికి ఇరువైపుల ఉన్న కార్డులు తిరగగలవు. మాంసకృత్తు గొలుసు కూడ ఇటువంటిదే. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరుసగా కలిసి గొలుసు ఏర్పడుతుంది. రెండు అమైనో ఆమ్లాలను కలిపే భాగం బల్లపరుపుగా, వంగకుండా ఉంటుంది. ప్రతి ముడివద్ద రెండు కోణాలు మాత్రం మారగలవు. ఆ రెండు కోణాలు తెలిస్తే గొలుసు వంపు తెలిసినట్లే.

రామచంద్రన్, ఆయన వద్ద పరిశోధన చేసిన సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ఈ రెండు కోణాలకు వేర్వేరు విలువలు ఇస్తూ, ప్రతి సందర్భంలోను పరమాణువుల మధ్య దూరాలను లెక్కించారు. ఏ అమరికలోనైనా పరమాణువులు ఢీకొంటే దానిని తోసిపుచ్చారు. ఒక కోణాన్ని అడ్డంగాను, రెండవదానిని నిలువుగాను గుర్తించి పటం గీయగా, అందులో అధికభాగం నిషిద్ధ ప్రదేశంగాను, కొన్ని చిన్న దీవులు మాత్రమే అనుమతి గల ప్రదేశాలుగాను తేలాయి. 1963లో ‘జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీ’లో వెలువడిన ఈ ఫలితాన్ని ప్రపంచమంతటా ‘రామచంద్రన్ పటం’ అని వ్యవహరిస్తున్నారు. నేడు ఏ దేశంలోనైనా ఎవరైనా మాంసకృత్తు నిర్మాణాన్ని కనుగొని అంతర్జాతీయ భాండాగారానికి పంపితే, అది సరిగా ఉన్నదా లేదా అని పరీక్షించే అంశాలలో ఈ పటం ఒకటి.

ఈ ఉదంతంలో మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ప్రశ్న జీవశాస్త్రానిది, పద్ధతి భౌతికశాస్త్రానిది, సాధనం గణితానిది. రెండవది, ఇతరుల కొలతలు ప్రచురితమై అందరికీ అందుబాటులో ఉండడంవల్లనే ఈ పని సాధ్యమయింది. మూడవది, విమర్శను వారు అవమానంగా భావించక పరీక్షగా స్వీకరించారు. గణనాత్మక జీవశాస్త్రంలో పరిశోధక విద్యార్థి పొందే శిక్షణ యావత్తూ ఈ మూడింటిలో ఇమిడి ఉన్నది.

శాఖోపశాఖలుగా విస్తరణ

1971లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రామచంద్రన్ నాయకత్వాన మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ ఏర్పడింది. మదరాసులో ఆయన శిష్యులైన శశిశేఖరన్, రామకృష్ణన్ కూడ అక్కడికి చేరారు. సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలోని బ్రూక్‌హావెన్‌లో ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే నిర్మాణ భాండాగారం ఏడు నిర్మాణాలతో ప్రారంభమయింది. 2023 నాటికి అందులోని నిర్మాణాల సంఖ్య రెండు లక్షలు దాటింది.

బెంగుళూరు యూనిట్‌లో వేర్వేరు ప్రాంతాల విద్యార్థులు చేరి పరిశోధన చేశారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన మంజు బన్సల్, రామచంద్రన్ వద్ద కొల్లాజెన్ నిర్మాణంపైననే పరిశోధించి డాక్టరేటు పొందారు. అనంతరం డి.ఎన్.ఏ. నిర్మాణంపై దీర్ఘకాలం కృషి చేశారు. బెంగుళూరులో బయో ఇన్ఫర్మాటిక్స్ బోధనకై ఏర్పడిన ప్రత్యేక సంస్థకు మొదటి సంచాలకురాలయ్యారు. రామకృష్ణన్ వద్ద శిక్షణ పొందిన ఎన్. శ్రీనివాసన్ ఆ యూనిట్‌లోనే ఆచార్యుడై, 2021లో మరణించేవరకు అనేకమంది పరిశోధక విద్యార్థులను తీర్చిదిద్దారు. ఒక గురువు, ఆయన శిష్యుడు, ఆ శిష్యుని శిష్యులు అన్న వరుసలో ఈ విద్య తరతరాలకు అందుతూ వచ్చింది.

1986లో కేంద్ర ప్రభుత్వం బయోటెక్నాలజీ విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఆ వెంటనే, 1986–87లో, దేశవ్యాప్తంగా జీవసమాచార కేంద్రాలను కలిపే పథకం ఆరంభమయింది. ఒక్క రాజధానిలోనే పెద్ద కేంద్రాన్ని కట్టడానికి బదులు పనిని వివిధ సంస్థలకు పంచారు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం, పుణె విశ్వవిద్యాలయం, బెంగుళూరు విజ్ఞాన సంస్థ, కలకత్తాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ ఇందులో భాగస్వాములయ్యాయి. ఇంటర్నెట్ మన దేశంలో సామాన్యులకు అందుబాటులోకి రాకముందే ఈ ఏర్పాటు జరగడం విశేషం. సమాచారం చేతికి అందనిదే ఈ శాస్త్రంలో పరిశోధన జరగదు గదా! ఇటువంటి కేంద్రాలు కాలక్రమాన డిప్లొమా, ఎం.ఎస్సీ., పిహెచ్.డి. విద్యకు నిలయాలయ్యాయి.

వ్రాతప్రతుల పోలిక, జన్యువుల పోలిక

ఈ శాఖలో చేరిన విద్యార్థి మొదట నేర్చుకునే పని వరుసక్రమాల పోలిక. డి.ఎన్.ఏ. నాలుగు అక్షరాలతో వ్రాసిన లిపివంటిది. మానవుని కణంలోని ఒక ప్రతిలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. సెకనుకు ఒక అక్షరం చొప్పున రాత్రింబవళ్లు ఆపకుండా చదివినా పూర్తికావడానికి 95 సంవత్సరాలు పడుతుంది. తరం తరువాత తరానికి ఈ వ్రాత నకలు అవుతూ ఉంటుంది. నకలు తీయడంలో అప్పుడప్పుడు అక్షరాలు మారుతాయి, జారిపోతాయి, కొత్తవి చేరుతాయి.

మన సాహిత్యంలో ఇటువంటి సమస్య కొత్తది కాదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మహాభారత సంశోధిత ప్రతిని చేపట్టి 1966లో పూర్తిచేసింది. కాశ్మీరపు శారదాలిపి మొదలు నేపాలీ, బెంగాలీ, దేవనాగరి, తెలుగు, గ్రంథ, మలయాళ లిపులవరకు 1,259 వ్రాతప్రతులను పండితులు పోల్చి చూశారు. ఒకే తప్పు రెండు ప్రతులలో కనిపిస్తే ఆ రెండూ ఒకే మూలప్రతినుంచి వచ్చి ఉండవచ్చునని వారి తర్కం. జన్యువులను పోల్చే శాస్త్రజ్ఞుని తర్కమూ ఇదే. రెండు జీవులలో ఒకే మార్పు కనిపిస్తే వాటికి ఉమ్మడి పూర్వజీవి ఉండవచ్చు. మార్పుల సంఖ్యనుబట్టి అవి ఎంతకాలం క్రిందట విడిపోయినవో అంచనా వేయవచ్చు.

అయితే రెండు పొడవైన వరుసలను ఒకదాని క్రింద ఒకటి పేర్చే విధాలు లెక్కకు మించి ఉంటాయి. వాటిలో ఉత్తమమైనదానిని అన్నిటినీ చూడకుండానే కనుగొనే గణితపద్ధతిని 1970లో నీడిల్‌మన్, వుంష్ ప్రకటించారు. 1990లో వెలువడిన ‘బ్లాస్ట్’ అనే పద్ధతి కోట్లాది వరుసలున్న భాండాగారాన్ని స్వల్పకాలంలో గాలించడానికి వీలు కల్పించింది. ఒక విద్యార్థి తన పంటమొక్కలో కనుగొన్న జన్యువు వంటిది మరెక్కడ ఉన్నదో, అది అక్కడ ఏ పని చేస్తున్నదో ఈ పద్ధతి ద్వారా వెంటనే తెలుసుకోగలుగుతున్నాడు.

పరిశోధక విద్యార్థి దినచర్య

ఈ విద్యలో చేరేవారు ఒకే శాఖనుంచి రారు. ఒకరు భౌతికశాస్త్రం, మరొకరు వృక్షశాస్త్రం, ఇంకొకరు కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివి వస్తారు. జాతీయస్థాయి అర్హత పరీక్షలో ఉత్తీర్ణులై, ఫెలోషిప్‌తో ప్రవేశిస్తారు. మొదటి సంవత్సరం తరగతులకే సరిపోతుంది. భౌతికశాస్త్ర విద్యార్థికి కణం అనేది సూత్రానికి లొంగే బిందువు కాదని, దానికి చరిత్ర ఉన్నదని నేర్పాలి. వృక్షశాస్త్ర విద్యార్థికి సంభావ్యతా సిద్ధాంతాన్ని, ప్రోగ్రాము వ్రాసే నేర్పును అలవరచాలి. అందువల్ల తరగతి గదిలో ప్రతివారూ ఒక విషయంలో గురువు, మరొక విషయంలో శిష్యుడు. వేర్వేరు మాతృభాషలు గల విద్యార్థులు ఒకరికొకరు పాఠం చెప్పుకోవడం ఇక్కడ నిత్యకృత్యం.

అటుపై పర్యవేక్షకుని సలహాతో పరిశోధనాంశాన్ని ఎన్నుకొని, సమగ్ర పరీక్షలో ఉత్తీర్ణుడై, అసలు పనిలోకి దిగుతాడు. బయటివారు అనుకున్నట్లు మీటలు నొక్కితే ఫలితం రాలిపడదు. అధికకాలం సమాచారాన్ని శుభ్రపరచడంలోనే గడుస్తుంది. ఒక నమూనాలో మరొక జీవి డి.ఎన్.ఏ. కలిసి ఉండవచ్చు. రెండు ప్రయోగశాలలు ఒకే జన్యువును రెండు పేర్లతో నమోదు చేసి ఉండవచ్చు. యంత్రం అక్షరాన్ని తప్పుగా చదివి ఉండవచ్చు. వీటిని గుర్తించకుండా వేసిన లెక్క ఎంత సొగసైనదైనా నిష్ప్రయోజనమే.

మరొక ప్రమాదం కూడ ఉన్నది. మానవునిలో మాంసకృత్తులను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. ఒక వ్యాధితో ఏ జన్యువుకు సంబంధమున్నదో తేల్చడానికి వాటినన్నిటినీ పరీక్షించామనుకుందాం. నూటికి ఒకసారి మాత్రమే కాకతాళీయంగా కనిపించే తేడాను మనం సాక్ష్యంగా అంగీకరిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా దాదాపు 200 జన్యువులు దోషులుగా కనిపిస్తాయి! అందువల్ల ప్రతివారమూ జరిగే సమావేశంలో సహవిద్యార్థులు వేసే మొదటి ప్రశ్న, ‘ఇది కేవలం యాదృచ్ఛికం కాదని ఎట్లా చెప్పగలవు?’ అనేదే. ఈ ప్రశ్నను తనకు తాను వేసుకొనడం అలవాటయిననాడు ఆ విద్యార్థి శాస్త్రజ్ఞుడవుతున్నాడని చెప్పవచ్చు.

గణన ఇచ్చిన ఫలితం చివరికి ప్రయోగశాలలో నిలవాలి. ఈ కారణంగా విద్యార్థి ప్రయోగాలు చేసే మిత్రులతో కలిసి పనిచేస్తాడు. నెలల తరబడి వేసిన అంచనా ఒక్క ప్రయోగంతో వీగిపోవచ్చు. అప్పుడు నిరుత్సాహపడక, ఎందుకు వీగిపోయిందో తెలుసుకోవడమే తరువాతి అధ్యాయం. ఈ విధంగా అయిదారు సంవత్సరాల కృషి ఒక సిద్ధాంత వ్యాసంగా రూపొందుతుంది.

ప్రజల ఆరోగ్యంతో సంబంధం

ఇటువంటి పరిశోధన ప్రజలకు ఏ విధంగా ఉపకరిస్తుందో తెలిపే ఒక ఉదాహరణకు తెలుగునాడుతో సంబంధమున్నది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి వైద్యులు సక్సినైల్ కొలీన్ వంటి మందును ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలో మందు ప్రభావం గంటల తరబడి ఉండి, ఊపిరి తీసే కండరాలు కూడ పనిచేయవు. వైశ్య సముదాయంలో ఈ లోపం ఇతరులలో కంటె దాదాపు నూరు రెట్లు అధికంగా కనిపిస్తుందని నివేదికలు వచ్చాయి. ఈ సంగతి ముందుగా తెలిస్తే వైద్యుడు వేరొక మందును ఎంచుకుంటాడు. ప్రాణం నిలుస్తుంది.

ఈ తేడా ఎందువల్ల వచ్చింది? కొద్దిమంది పూర్వికులనుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకునే ఏ సముదాయంలోనైనా, ఆ పూర్వికులలో ఒకరికి ఉన్న అరుదైన మార్పు క్రమేణా తరచుగా కనిపిస్తుంది. ఇందులో ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. ఇది కేవలం సంఖ్యల ధర్మం. హైదరాబాదు సి.సి.ఎం.బి., అమెరికాలోని హార్వర్డ్ వైద్యకళాశాల శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణాసియాకు చెందిన 260కి పైగా సముదాయాలనుంచి 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని విశ్లేషించి, 2017లో ఫలితాలను ప్రకటించారు. 81 సముదాయాలలో ఈ పరిస్థితి తీవ్రంగా ఉన్నదని, వాటిలో 14 సముదాయాల జనాభా పదేసి లక్షలకు మించి ఉండవచ్చునని అందులో తేలింది. ఏ సముదాయంలో ఏ వ్యాధిని ముందుగా వెదకాలో చెప్పడానికి ఇది మార్గదర్శకం.

అంతకుముందు 2013లో, హార్వర్డ్‌లో అప్పుడు పరిశోధక విద్యార్థినిగా ఉన్న ప్రియా మూర్జానీ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కె. తంగరాజ్, లాల్జీసింగ్ మున్నగువారితో కలిసి మరొక ముఖ్య ఫలితాన్ని వెల్లడించారు. తల్లిదండ్రులనుంచి వచ్చిన డి.ఎన్.ఏ. ముక్కలు తరం మారినకొద్దీ చిన్నవవుతాయి. ఆ ముక్కల పొడవును కొలిస్తే, రెండు భిన్న జనసమూహాలు ఎన్ని తరాలక్రితం కలిశాయో లెక్కించవచ్చు. ఈ పద్ధతితో 73 సముదాయాలను పరిశీలించగా, సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రిందటి కాలంలో ఉపఖండంలో విస్తృతంగా జనసమ్మేళనం జరిగిందని తేలింది. ఈనాడు భాషనుబట్టి, ప్రాంతాన్నిబట్టి, ఆచారాన్నిబట్టి వేర్వేరుగా కనిపించే సముదాయాలలో దాదాపు అన్నిటిలోను ఆ కలయిక ఆనవాళ్లు ఉన్నాయి. పూర్తిగా వేరుగా ఉండిపోయిన శుద్ధసముదాయమన్న భావనకు ఈ లెక్కలు ఆధారం ఇవ్వవు.

అటువంటి పరిశోధనకు మన సమాచారం మనవద్ద ఉండడం అవసరం. 2020లో ప్రారంభమైన ‘జీనోమ్ ఇండియా’ పథకం క్రింద వివిధ ప్రాంతాలకు చెందిన పదివేలమంది జన్యువరుసలను నిర్ణయించారు. బెంగుళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్ దీనిని సమన్వయపరచింది. 2022లో ఫరీదాబాదులో ప్రారంభమైన భారతీయ జీవసమాచార కేంద్రంలో ఈ సమాచారాన్ని భద్రపరచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. రక్తనమూనా ఇచ్చిన వ్యక్తి అంగీకారాన్ని, గోప్యతను కాపాడడం కూడ విద్యార్థుల శిక్షణలో భాగం కావాలి. జన్యు సమాచారం ఒక్క వ్యక్తికే పరిమితం కాదు. అది ఆయన బంధువులను గురించి కూడ చెబుతుంది.

కృత్రిమ మేధ, మిగిలిన పని

2020లో జరిగిన ఒక అంతర్జాతీయ పరీక్షలో, లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ రూపొందించిన ‘ఆల్ఫాఫోల్డ్’ అనే కృత్రిమ మేధ పద్ధతి, అమైనో ఆమ్లాల వరుసను మాత్రమే చూసి మాంసకృత్తు ఆకారాన్ని చాలా సందర్భాల్లో ప్రయోగ ఫలితానికి దీటుగా ఊహించగలిగింది. 2022 నాటికి ఇరవై కోట్లకు పైగా మాంసకృత్తుల ఊహా నిర్మాణాలు ఉచితంగా వెలువడ్డాయి. 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానంలో సగభాగం దీనికి కారకులైన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు, మిగిలిన సగం గణనతో కొత్త మాంసకృత్తులను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు లభించింది.

ఇక పరిశోధక విద్యార్థులకు పని లేదా? ఉన్నది. ఆ యంత్రం శిక్షణ పొందింది ప్రోటీన్ డేటా బ్యాంకులోని నిర్మాణాలతోనే. అర్ధశతాబ్దంపాటు ఎందరో విద్యార్థులు, శాస్త్రజ్ఞులు ఒక్కొక్క నిర్మాణాన్ని తేల్చి, దాచుకోకుండా అందరికీ ఇచ్చిన ఫలితమది. పైగా యంత్రం ఆకారాన్ని ఊహిస్తుంది గాని, కణంలో అది ఎప్పుడు, దేనితో కలిసి, ఎట్లా కదులుతుందన్నది పూర్తిగా చెప్పలేదు. ఊహ ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ కాదో తేల్చవలసింది మనుషులే. 1963 నాటి రామచంద్రన్ పటంతో ఈనాటికీ కొత్త నిర్మాణాలను సరిచూడడం ఇందుకు నిదర్శనం.

ఈ విద్యకు ఖరీదైన ప్రయోగశాల తప్పనిసరి కాదు. ముఖ్యమైన అంతర్జాతీయ భాండాగారాలు చాలవరకు ఉచితంగా తెరచి ఉన్నాయి. ఒక మారుమూల పట్టణంలోని డిగ్రీ కళాశాలలో చదివే విద్యార్థి సైతం ఒక కంప్యూటరు, ఇంటర్నెట్ సదుపాయం ఉంటే, పరిశోధనాలయంలో వాడే సమాచారాన్నే తెరచి చూడగలడు. అయితే ఉపకరణాన్ని వాడడం వేరు, ప్రశ్న వేయడం వేరు. జీవశాస్త్రం చదివేవారు గణితాన్ని విడిచిపెట్టడం, గణితం చదివేవారు జీవశాస్త్రాన్ని పదవ తరగతితో మరచిపోవడం మన విద్యావిధానంలో సర్వసాధారణం. మదరాసు శాఖ విజయానికి మూలం ఈ గోడను దాటడమే. కళాశాల స్థాయిలోనే సంఖ్యాశాస్త్రాన్ని జీవశాస్త్ర విద్యార్థికి, కణనిర్మాణాన్ని గణిత విద్యార్థికి బోధించగలిగితే, పరిశోధన శాఖలో మొదటి సంవత్సరం పడే శ్రమలో సగం తీరుతుంది. మన పంటలను, మన వ్యాధులను, మన జనసముదాయాలను గురించిన ప్రశ్నలకు సమాధానం వెదకే చేతుల సంఖ్య పెరుగుతుంది.